రోడ్ రేసింగ్ సైకిల్: హబ్బులు, చక్రాల ఎంపిక

రోడ్డు పందేలకు వాడే సైకిల్ చక్రం హబ్బు, స్పోకులు, వాటిని బిగించే నిపుల్స్, రిమ్ము, టైరు కలిసిన కూర్పు. ఫ్రేము తర్వాత రేసింగ్ సైకిల్ మీద ఎక్కువ డబ్బు పోసేది సాధారణంగా దీనికే. రేసుల్లోకి కొత్తగా దిగినవాళ్లు చక్రాలు కొనేటప్పుడు ముందు హబ్బు మీది పేరు చూస్తారు, తర్వాత జత బరువు అడుగుతారు, టైరు సంగతి చివరికి వదిలేస్తారు. రోడ్డు మీద లెక్కకొచ్చే క్రమం దీనికి దాదాపు తలకిందులుగా ఉంటుంది. వేగాన్ని టైరూ రిమ్ము ఆకారమూ ఇస్తాయి. మన్నికను స్పోకుల సంఖ్య, వాటి బిగువు ఇస్తాయి. హబ్బు నుంచి కోరుకోవలసిందల్లా అది ఏళ్ల తరబడి సతాయించకుండా తిరగడం, పాడైతే ఊళ్లోనే బాగుపడటం.

బిగువు మీద నిలిచే చక్రం

ఎద్దుబండి చక్రంలో బరువు కిందివైపు ఆకుల మీద పడుతుంది, ఆ కర్ర నొక్కుడుకు ఓర్చుకుంటుంది. సైకిల్ స్పోకు రెండు మిల్లీమీటర్ల ఉక్కు తీగ మాత్రమే. నొక్కితే వంగిపోతుంది, లాగితే మాత్రం నిబ్బరంగా నిలుస్తుంది. అందుకే ప్రతి స్పోకునూ రిమ్ముకూ హబ్బుకూ మధ్య ముందే గట్టిగా లాగి బిగిస్తారు. నేటి రేసింగ్ చక్రంలో వెనక కుడివైపు స్పోకుల మీద ఆ లాగుడు 100 నుంచి 120 కిలోల దాకా ఉంటుంది. మనిషి ఎక్కి కూర్చున్నప్పుడు నేలకు దగ్గరగా ఉన్న నాలుగైదు స్పోకులు కొంచెం వదులవుతాయి, మిగిలినవాటి బిగువు పెద్దగా మారదు. చక్రం ఒక చుట్టు తిరిగితే ప్రతి స్పోకూ ఒకసారి వదులై మళ్లీ బిగుస్తుంది. ఈ మాట బోధపడితే స్పోకులు ఎందుకు తెగుతాయో తెలుస్తుంది. అతిగా బిగించడం వల్ల తెగేవి తక్కువ. చాలని బిగువుతో లక్షల సార్లు వదులవుతూ బిగుస్తూ, హబ్బు అంచు దగ్గర వంపులో అలసిపోయి తెగేవే ఎక్కువ. అమెరికా ఇంజనీరు జోబ్స్ట్ బ్రాంట్ 1981లో వెలువరించిన 'ద బైసికిల్ వీల్' అనే పుస్తకం ఈ సూత్రాన్ని లెక్కలతో సహా విడమరచి చెప్పింది. చక్రాలు కట్టేవాళ్లకు అది ఇప్పటికీ ఆధార గ్రంథం.

లాగి బిగించిన చక్రం ఆలోచన ఇంగ్లండులో జార్జ్ కేలీకి 1808లోనే వచ్చింది. ఆయన దాన్ని ఎగిరే యంత్రాల కోసం ఊహించాడు. సైకిలుకు తీగ స్పోకుల చక్రం మీద 1869లో పారిస్‌కు చెందిన యూజీన్ మేయర్ పేటెంటు తీసుకున్నాడు. 1874లో కోవెంట్రీలో జేమ్స్ స్టార్లీ స్పోకులను హబ్బు నుంచి సూటిగా కాక ఏటవాలుగా, ఒకదాన్నొకటి దాటేటట్టు అల్లే పద్ధతికి పేటెంటు పొందాడు. పెడలు తొక్కే బలం హబ్బు నుంచి రిమ్ముకు చేరాలంటే ఈ అల్లిక తప్పదు. 1888లో బెల్‌ఫాస్ట్‌లో జాన్ బాయిడ్ డన్‌లప్ గాలి టైరు తెచ్చాడు. నేటి చక్రం ఆనాటికే రూపు కట్టింది. తర్వాత వచ్చిన మార్పుల్లో ఎక్కువ భాగం లోహాలవీ, కొలతలవీ. రిమ్ము విషయమే చూస్తే, కర్ర రిమ్ములు ఇంకా వాడుకలో ఉన్న 1934లో ఫ్రెంచి రేసర్ ఆంటొనాన్ మాన్య్ మావిక్ కంపెనీ డ్యురాల్యుమిన్ రిమ్ములతో టూర్ ద ఫ్రాన్స్ గెలిచాడు. పోటీదారులు పసిగట్టకుండా వాటికి కర్ర రంగు పూశారని ప్రసిద్ధి.

టైరు, రిమ్ము

రోడ్ రేసింగ్ చక్రం వ్యాసాన్ని 700సి అంటారు. అసలు కొలత రిమ్ములో టైరు అంచు కూర్చునే చోటి వ్యాసం, అంటే 622 మి.మీ. మన దేశంలో ఇది గుర్తుపెట్టుకోవలసిన అంకె. మన పాత నల్ల సైకిళ్ల 28 అంగుళాల టైరు కూర్చునే వ్యాసం 635 మి.మీ. రెండూ పక్కపక్కన పెడితే ఒకేలా కనిపిస్తాయి కానీ ఒకదాని టైరు ఇంకోదాని రిమ్ముకు పట్టదు. టైరు పక్కన 25-622, 28-622 అని అచ్చువేసిన అంకెలే నమ్మదగినవి. మొదటిది వెడల్పు, రెండోది వ్యాసం.

చాలాకాలం రేసర్లంతా ట్యూబు లోపలే ఉండి కుట్టేసిన ట్యూబులర్ టైరును జిగురుతో రిమ్ముకు అంటించుకునేవారు. తేలిక, గుంటల్లో పడ్డా ట్యూబు నలగదు, పంక్చరైనా కాసేపు తొక్కవచ్చు. కానీ అంటించడం ఒక రోజు పని, దారిలో కుట్లు విప్పి పంక్చరు వేసుకోవడం సాధ్యం కాదు. విడి ట్యూబు ఉండే క్లించర్ టైర్లు 1970ల చివరి నుంచి రేసింగ్ స్థాయికి చేరాయి. 2006 ప్రాంతంలో హచిన్సన్, షిమానో కంపెనీలు కలిసి రోడ్డు సైకిళ్లకు ట్యూబు అక్కర్లేని ట్యూబ్‌లెస్ టైరు తెచ్చాయి. లోపల పోసే పాల లాంటి ద్రవం చిన్న రంధ్రాలను అక్కడికక్కడే పూడుస్తుంది. ముళ్లూ గాజుపెంకులూ ఉండే మన రోడ్డు అంచుల్లో తొక్కేవాళ్లకు దీని విలువ వేరే చెప్పనక్కర్లేదు. ఆ ద్రవం కొన్ని నెలలకు ఎండిపోతుంది కాబట్టి, ఎండాకాలంలో ఇంకా త్వరగా, తిరిగి పోస్తూ ఉండాలి.

ఇరవయ్యేళ్ల కిందట 23 మి.మీ. టైరులో 8 బార్ల గాలి కొట్టడం రివాజు. ఇప్పుడు 28, 30 మి.మీ. టైర్లను 5 బార్లకు అటూ ఇటూ గాలితో నడుపుతున్నారు. గట్టి టైరు గరుకు రోడ్డు మీద ఎగిరెగిరి పడుతుంది, ఆ ఎగుడుదిగుడులో మనిషి ఒళ్లు ఊగడానికి ఖర్చయ్యే శక్తి వృథా. వెడల్పాటి టైరు ఆ కుదుపును తనలోనే ఇముడ్చుకుంటుంది. మంచి టైర్ల జతకూ నాసిరకం జతకూ మధ్య రేసు వేగంలో తేడా పది వాట్లు దాటుతుంది. హబ్బు బేరింగుల మార్పుతో అంత లాభం ఎన్నటికీ రాదు. కాబట్టి చక్రాల బడ్జెట్టులో మొదటి రూపాయి టైరుకే వెళ్లాలి.

టైరు వెడల్పును బట్టి రిమ్ము లోపలి వెడల్పు ఎంచుకోవాలి. పాత రిమ్ములు 13 నుంచి 15 మి.మీ. ఉండేవి, ఇప్పటివి 19 నుంచి 25 మి.మీ. గాలి లెక్కల్లో ఇంకో నియమం ఉంది. రిమ్ము బయటి వెడల్పు టైరు కంటే సుమారు ఐదు శాతం ఎక్కువ ఉంటే టైరును దాటిన గాలి చెదరకుండా రిమ్మును అంటిపెట్టుకుని సాగుతుంది. లోతైన రిమ్ము కొని దానికి మించిన వెడల్పు టైరు వేస్తే పెట్టిన ఖర్చులో సగం నష్టపోయినట్టే.

హుక్ లేని రిమ్ముల గురించి జాగ్రత్త అవసరం. మామూలు రిమ్ము అంచుకు లోపలివైపు చిన్న కొక్కెం ఉండి టైరును పట్టుకుంటుంది. హుక్‌లెస్ రిమ్ములో ఆ కొక్కెం ఉండదు, టైరు బిగుతు ఒక్కటే ఆధారం. వాటిలో గాలి 5 బార్లు, అంటే సుమారు 72 పీఎస్‌ఐ, దాటకూడదు. తయారీదారు ఒప్పుకున్న టైర్లనే వేయాలి. 2024 ఫిబ్రవరిలో యుఏఈ టూర్‌లో బెల్జియం రేసర్ థామస్ డి గెంట్ హుక్‌లెస్ రిమ్ము నుంచి టైరు ఊడి పడిపోయాక ఈ పద్ధతి మీద పెద్ద చర్చ జరిగింది. బరువైన మనిషి, పెట్రోలు బంకులో మీటరు చూడకుండా గాలి కొట్టించే అలవాటు, ఈ రెంటిలో ఏది ఉన్నా కొక్కెం ఉన్న రిమ్మే కొనడం మంచిది.

గాలి, బరువు

వేగం రెట్టింపైతే గాలి నిరోధం నాలుగు రెట్లవుతుంది, దాన్ని ఎదుర్కొనే శక్తి ఎనిమిది రెట్లు కావాలి. చక్రం పైభాగమైతే సైకిలు కంటే రెట్టింపు వేగంతో గాలిలోకి దూసుకెళ్తుంది. ఈ సంగతి 1984 జనవరిలో మెక్సికో సిటీలో లోకానికి తేటతెల్లమైంది. ఇటలీ రేసర్ ఫ్రాంచెస్కో మోజర్ స్పోకులే కనపడని డిస్క్ చక్రాలతో గంటలో 51.151 కి.మీ. తొక్కాడు. అంతకు ముందు 1972లో ఎడ్డీ మెర్క్స్ నెలకొల్పిన రికార్డు 49.431 కి.మీ. చక్రాలొక్కటే కారణమనలేం, మోజర్ శిక్షణ పద్ధతి కూడా కొత్తదే. కానీ ఆ తర్వాత రేసింగ్ చక్రం తయారీ దారే మారిపోయింది. అమెరికాలో హెడ్, జిప్ కంపెనీలు కార్బన్ డిస్కులూ లోతైన రిమ్ములూ తెచ్చాయి. 1990ల నుంచి మావిక్, కాంపాన్యోలో తక్కువ స్పోకుల చక్రాలను జతగా కట్టి అమ్మసాగాయి.

ఇప్పుడు కొండల రేసులకు 30-35 మి.మీ., అన్నిటికీ పనికొచ్చేట్టు 40-50, ఒంటరిగా కాలంతో పోటీపడే టైమ్ ట్రయల్‌కు 60-80 మి.మీ. లోతు రిమ్ములు వాడుతున్నారు. లోతు పెరిగేకొద్దీ పక్కగాలికి ముందు చక్రం హ్యాండిలును లాగుతుంది. లారీ పక్క నుంచి దూసుకుపోయినప్పుడు ఈ లాగుడు చేతికి బాగా తెలుస్తుంది. విశాఖ తీరం వెంబడి గానీ, హైదరాబాదు ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో తెరిచిన 23 కి.మీ. సైకిల్ ట్రాక్ మీద గానీ తొక్కేవాళ్లకు ముందు 40, వెనక 50 మి.మీ. దాటాల్సిన అవసరం కనిపించదు. అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య యూసీఐ కూడా గుంపుగా సాగే రోడ్డు రేసుల్లో రిమ్ము లోతును 2026 నుంచి 65 మి.మీ.కు కట్టడి చేసింది. చక్రంలో కనీసం 12 స్పోకులు ఉండాలన్నది అంతకు ముందు నుంచీ ఉన్న నియమం.

బరువు గురించి అమ్మకందారులు చెప్పేది ఎక్కువ, జరిగేది తక్కువ. రిమ్ము బరువు ముందుకూ కదలాలి, గుండ్రంగానూ తిరగాలి కాబట్టి వేగం పుంజుకునేటప్పుడు దాని బరువు దాదాపు రెట్టింపుగా లెక్కకొస్తుంది. అంతవరకు నిజం. కానీ లెక్క వేసి చూడండి. మనిషీ సైకిలూ కలిసి 75 కిలోలనుకుంటే, చక్రాల్లో 300 గ్రాములు తగ్గించడం మొత్తం మీద 0.4 శాతం. 35 నిమిషాలు పట్టే కొండ ఎక్కుడులో దానివల్ల మిగిలేది ఎనిమిది సెకన్లు. గెలుపు కోసం కొట్లాడే ప్రొఫెషనల్‌కు ఎనిమిది సెకన్లు తక్కువేమీ కాదు. వారాంతపు రేసులో పాల్గొనే మనిషి ఆ సెకన్ల కోసం 20 స్పోకుల చక్రం కొని, స్పీడ్‌బ్రేకర్ దగ్గర స్పోకు తెగి రేసంతా పోగొట్టుకోవడం అన్యాయం. పైగా 2000 నుంచి యూసీఐ నియమం ప్రకారం రేసు సైకిలు 6.8 కిలోల కంటే తేలిగ్గా ఉండకూడదు.

కార్బన్ రిమ్ము మీద నేరుగా నొక్కే బ్రేకులకు కూడా ఒక హద్దుంది. అరకు లాంటి ఘాట్ రోడ్డు దిగుతూ బ్రేకు పట్టుకునే ఉంటే రిమ్ము వేడెక్కి అంచు మెత్తబడవచ్చు. రిమ్ము బ్రేకు సైకిలు ఉన్నవాళ్లు ఘాట్లు దిగడానికి అల్యూమినియం రిమ్మే నమ్మాలి. డిస్క్ బ్రేకులకు యూసీఐ 2018 జులైలో పూర్తి అనుమతి ఇచ్చాక ఈ చిక్కు కొత్త సైకిళ్లకు లేకుండా పోయింది.

స్పోకులు

మన పాత నల్ల సైకిలుకు ముందు 32, వెనక 40 స్పోకులు. రేసు చక్రాలు ఒకప్పుడు 36, తర్వాత 32, ఇప్పుడు 20-24 దాకా దిగాయి. రిమ్ములు గట్టిపడటం వల్ల ఇది కుదిరింది. అయినా 24 స్పోకుల చక్రంలో ఒకటి తెగితే రిమ్ము ఒక పక్కకు లాగేసి ఫ్రేముకు రాసుకుంటుంది. 32 స్పోకుల చక్రంలో ఒకటి పోయినా మెల్లగా ఇంటికి చేరవచ్చు. 70 కిలోల లోపు వాళ్లకు ముందు 20, వెనక 24 సరిపోతాయి. 85 కిలోల దాకా 24, 28. అంతకు మించినవాళ్లు 28, 32 కు తగ్గకూడదు. డిస్క్ బ్రేకు ఉంటే ముందు కూడా 24 కు తక్కువ వద్దు.

డిస్క్ బ్రేకు చక్రాల్లో బ్రేకు బలం హబ్బు దగ్గర పుట్టి స్పోకుల గుండానే రిమ్ముకు చేరాలి. అందుకని ముందు చక్రంలో కూడా స్పోకులు ఏటవాలుగా అల్లాలి. రిమ్ము బ్రేకు సైకిళ్ల ముందు చక్రాల్లో కనిపించే సూటి స్పోకుల పద్ధతి, అంటే రేడియల్ అల్లిక, డిస్కు వైపు పనికిరాదు.

వెనక చక్రానిది ఇంకో బాధ. కుడివైపు పళ్ల చక్రాల దొంతరకు చోటివ్వాలి కాబట్టి హబ్బు కుడి అంచు మధ్యకు జరిగి ఉంటుంది. కుడివైపు మధ్య నుంచి 17-18 మి.మీ. ఉంటే ఎడమ వైపు 35 దాటుతుంది. రిమ్ము మధ్యలో నిలవాలంటే కుడి స్పోకుల బిగువులో సగమే ఎడమవాటికి దక్కుతుంది. సగం బిగువున్న ఆ ఎడమ స్పోకులే ముందు వదులై, ముందు తెగుతాయి. గేర్ల సంఖ్య పెరిగేకొద్దీ ఈ తేడా పెరుగుతూ వచ్చింది. స్పోకు రంధ్రాలు ఎడమకు జరిగిన రిమ్ము గానీ, కుడివైపు రెట్టింపు స్పోకులు ఉండే అల్లిక గానీ దీన్ని కొంత సరిదిద్దుతాయి. వెనక చక్రం ఎంచుకునేటప్పుడు అంచుల దూరం అడగడం హబ్బు బరువు అడగడం కంటే ముఖ్యం.

స్పోకు మందం విషయంలో సన్నదే మేలన్నది వినడానికి వింతగా ఉంటుంది. చివర్లలో 2.0, మధ్యలో 1.8 లేదా 1.5 మి.మీ. ఉండే బటెడ్ స్పోకు మధ్యలో సాగుతుంది, వంపు దగ్గర ఒత్తిడి తగ్గుతుంది, అందుకే తెగడం అరుదు. గాలికి బల్లపరుపుగా సాగగొట్టిన స్పోకులు, సాపిమ్ సీఎక్స్-రే లాంటివి, ఇంకా మేలు కానీ ఖరీదు. హబ్బు దగ్గర వంపు ఉన్న మామూలు స్పోకు కొలత తెలిస్తే పట్టణంలో దొరుకుతుంది. కంపెనీ సొంత స్పోకులతో కట్టిన చక్రంలో ఒకటి తెగితే అది విదేశాల నుంచి వచ్చేదాకా చక్రం గోడకు వేలాడాల్సిందే.

హబ్బు

రేసింగ్ హబ్బు చరిత్రలో మొదటి మజిలీ ఇటలీలోని క్రోచె దావునె కనుమ. 1927లో అక్కడ మంచులో రేసు తొక్కుతూ తుల్లియో కాంపాన్యోలో చక్రం విప్పబోయాడట. అప్పట్లో పల్లం గేరుకూ ఎక్కుడు గేరుకూ వెనక చక్రాన్ని ఊడదీసి తిప్పి పెట్టేవారు. చలికి కొంకర్లు పోయిన వేళ్లతో రెక్కల నట్లు విప్పలేకపోయాడు. ఆ అనుభవమే 1930లో ఒక్క మీటతో చక్రం విప్పే క్విక్ రిలీజ్‌గా మారిందని చెబుతారు. 1933లో ఆయన విచెంజాలో తన పేరుతో కంపెనీ పెట్టాడు. రెండో మజిలీ 1978. ఆ ఏడు షిమానో డ్యూరా-ఏస్ ఫ్రీహబ్ తెచ్చింది. అంతకు ముందు పళ్ల చక్రాలుండే ఫ్రీవీల్‌ను విడిగా హబ్బుకు మరబిగించేవారు, కుడి బేరింగు లోపలికి ఉండిపోవడంతో ఆధారం లేని ఇరుసు వంగేది, విరిగేది. ఫ్రీహబ్‌లో కుడి బేరింగు ఇరుసు చివరికి జరిగింది, ఇరుసులు విరగడం ఆగింది.

బేరింగులు రెండు రకాలు. మొదటిది కప్పు, కోను, విడి గోళీలు. షిమానో హబ్బుల్లో సాధారణంగా వెనక ఒక్కో వైపు పావు అంగుళం గోళీలు తొమ్మిది, ముందు 3/16 అంగుళం గోళీలు పది. మన సైకిలు మెకానిక్కులకు చిన్నప్పటి నుంచి తెలిసిన పని ఇది. రెండు పలచని పానాలు, గ్రీజు డబ్బా ఉంటే చాలు. క్విక్ రిలీజ్ హబ్బులో ఒక కిటుకు ఉంది. మీట బిగించినప్పుడు ఇరుసు వెంట్రుకవాసి కుదించుకుపోతుంది, కోన్లు దగ్గరవుతాయి. చేతిలో పట్టుకుని తిప్పినప్పుడు ఇరుసు నునుపుగా, ఏ మాత్రం ఆట లేకుండా ఉందంటే సైకిలుకు బిగించాక కోను గోళీలను నలిపేస్తుంది. సరైన బిగింపులో, బయట ఉన్నప్పుడు ఇరుసు కొసన వేలితో తడితే చిటికెడు ఆట తగలాలి. మీట బిగించగానే అది మాయం కావాలి.

రెండో రకం కార్ట్రిడ్జ్ బేరింగులు. గోళీలూ కప్పులూ ఒకే పెట్టెలా వస్తాయి. పాడైతే కొట్టి తీసి కొత్తది దించడమే. 6802, 6902 వంటి పారిశ్రామిక కొలతల బేరింగులు వాడిన హబ్బయితే మామూలు బేరింగ్ దుకాణంలో వెతుక్కోవచ్చు. కొనేముందు ఆ అంకె అడగండి. వానల్లో బురద రోడ్లు తొక్కేవాళ్లకు బేరింగు నునుపు కంటే దాని రబ్బరు మూత ముఖ్యం. సిరామిక్ గోళీలకు వేలకు వేలు పోయనక్కర్లేదు, శుభ్రంగా గ్రీజు పెట్టిన ఉక్కు గోళీలతో పోలిస్తే లాభం ఒక వాటుకు అటూ ఇటూ ఉంటుంది. పెడలు తొక్కగానే హబ్బు ఎంత త్వరగా పట్టుకుంటుందన్న లెక్క కూడా రోడ్డు మీద అంత పట్టించుకోవలసింది కాదు. డీటీ స్విస్ హబ్బుల్లో 18, 36, 54 పళ్ల రాచెట్లు దొరుకుతాయి. 36 పళ్లది పది డిగ్రీలకు పట్టుకుంటుంది, రేసుకు అది చాలు.

కొలతలు కుదరకపోతే ఎంత గొప్ప హబ్బయినా పనికిరాదు. రిమ్ము బ్రేకు ఫ్రేములకు హబ్బు వెడల్పు ముందు 100, వెనక 130 మి.మీ. డిస్కు ఫ్రేములకు హబ్బు గుండా దూర్చి బిగించే 12 మి.మీ. ఇరుసు, అంటే త్రూ ఆక్సిల్‌తో ముందు 100, వెనక 142. పాత ఏడు గేర్ల ఫ్రేములకు వెనక 126. ఫ్రీహబ్ మీది గాడులు షిమానోకు ఒక రకం, కాంపాన్యోలోకు ఇంకో రకం, స్రామ్ 12 గేర్లకు ఎక్స్‌డీఆర్ అనే వేరే రకం. షిమానో 11 గేర్ల ఫ్రీహబ్ పాత పది గేర్లదాని కంటే 1.85 మి.మీ. పొడుగు. చిన్న రింగు వేసుకుంటే పాత క్యాసెట్టు, అంటే పళ్ల చక్రాల దొంతర, కొత్తదానికి సరిపోతుంది, కొత్త క్యాసెట్టు మాత్రం పాతదానికి సాధారణంగా పట్టదు. ఫ్రీహబ్‌ను విడిగా మార్చుకునే వీలున్న హబ్బు కొంటే రేపు గేర్ల కంపెనీ మారినా చక్రాలు మిగులుతాయి.

కట్టించుకోవడమా, జతగా కొనడమా

కంపెనీ జతలు చూడముచ్చటగా, తేలిగ్గా, గాలికి అనువుగా ఉంటాయి. చేత్తో కట్టిన చక్రం ఎవరి బరువుకు, ఎవరి రోడ్డుకు తగ్గట్టు వాళ్లకు కుదురుతుంది. అయితే కట్టేవాడి చేతిలో పనితనం ఉండాలి. కొత్త చక్రం తీసుకునేటప్పుడు రిమ్ము ఊగకుండా తిరిగితే సరిపోయిందనుకోవద్దు. ఒకే వైపు స్పోకులను ఒక్కొక్కటిగా వేలితో మీటితే అన్నీ దాదాపు ఒకే స్వరం పలకాలి. ఒకటి పైకీ ఒకటి కిందికీ పలికితే బెండు తీశారే గానీ బిగువు సమం చేయలేదని అర్థం, ఆ చక్రం నెల తిరగకుండా మళ్లీ వంకర పోతుంది. మంచి కట్టుడువాడు చివర్లో పక్కపక్కనున్న స్పోకులను జంటలుగా గుప్పిట్లో పట్టి గట్టిగా పిసుకుతాడు. వంపుల్లో మిగిలిపోయిన ఒత్తిడి దాంతో సర్దుకుంటుంది, మెలిపడ్డ తీగ టిక్కుమని విడుస్తుంది. ఆ పని చేసి మళ్లీ సరిచూసి ఇచ్చినవాడి చక్రం ఏళ్ల తరబడి మన్నుతుంది.

మొదటి రేసింగ్ చక్రాలు కొనే తెలుగు కుర్రకారుకు చెప్పదగిన మాట ఇది. లోపల 19 నుంచి 21 మి.మీ. వెడల్పున్న, కొక్కెం ఉన్న అల్యూమినియం రిమ్ము, ముందు 24, వెనక 28 బటెడ్ స్పోకులు, పారిశ్రామిక బేరింగుల హబ్బు, దాని మీద దొరికినంతలో మేలైన 28 మి.మీ. టైర్లు తీసుకోండి. మొదటి రెండు మూడు వందల కిలోమీటర్లు తొక్కాక కట్టినవాడి దగ్గరికే తీసుకెళ్లి బిగువు చూపించండి. మిగిలిన డబ్బు కార్బన్ కోసం దాచుకోవడం కంటే రేసులకు వెళ్లడానికి ఖర్చు పెట్టండి.